గోడ పక్క నీళ్ళు

మా గైడ్ పోయారు. శనివారం పొద్దున మేముండే చాండ్లర్ ఊళ్ళో ఇండియన్ షాపులో కరివేపాకు ఏరుతుంటే ల్యాబ్‌లో నాతోపాటు పీహెచ్‌డీ చేసే అబ్బాయి ఫోన్ చేశాడు. "సార్ లేరు ఇగ. వాకింగ్‌కు పొయ్యొచ్చి కుర్చీల కూసున్నరంట, గంతే" అన్నాడు. "ఏ సార్?" అని అడిగాను. ముందురోజు సాయంత్రం తడిసిన బూట్లతో నా ఎదురుగా నిలబడ్డ మనిషి గురించి అలా ఎలా అడిగానో! రెండు వారాలైనా నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు.

మీలో చాలామందికి ఆయనెవరో తెలియదు. పారే నీళ్ళలో, గోడను ఆనుకుని, రంగు ఎలా కలుస్తుందో చూడడమే ఆయన పని. మా ల్యాబ్‌లో పొడవాటి గాజు కాలువ ఉంది. దాని అడుగే మాకు గోడ; అక్కడి సన్నటి చీలికలోంచి ఎర్రరంగు వదిలితే చారలు చారలుగా పాకుతుంది. ఉన్నట్టుండి ఒక చార పైకి లేచి, చిట్లి, నీళ్ళన్నిటిలో కలిసిపోతుంది. "గోడ పక్క నీళ్ళు నిద్రపోతున్నట్టుంటాయమ్మా, నమ్మకు" అనేవారు. కొత్తగా చేరినవాళ్ళ నోట్‌బుక్ లాక్కుని, అరగంటసేపు ఊరికే చూడమని స్టూల్ మీద కూర్చోబెట్టేవారు. ఆదివారం తెలుగు చర్చి నుంచి నేరుగా వచ్చి, టై నీళ్ళలో ఊగుతున్నా పట్టించుకోకుండా గాజుకు ముక్కు ఆనించేవారు. టైకి అంటిన ఎర్ర మరకలకు ఆయన భార్య, మేం ఆంటీ అని పిలిచే ఆవిడ, మమ్మల్నే తిట్టేవారు.

ఇక నా తప్పు చెప్పాలి. నా థీసిస్ కొలతల్లో అక్కడక్కడా అంకెలు ఒక్కసారిగా ఎగిరిపడ్డాయి. మిషన్ లోపమనుకుని అన్నీ డిలీట్ చేశాను. గ్రాఫ్‌లో గీత నున్నగా వచ్చింది, మురిసిపోయి డ్రాఫ్ట్ ఇచ్చేశాను. తర్వాత ఓ రోజు కాలువ ముందు కూర్చుంటే అర్థమైంది. అవి రంగు పైకి లేచిన క్షణాలు. రంగును మోసుకెళ్ళేవే అవి. నేను తీసేసింది అసలు సంగతినే. పాత అంకెలు సీడీలో ఉన్నాయి, కానీ మళ్ళీ మొదలుపెడితే డిఫెన్స్, అంటే థీసిస్ చివరి పరీక్ష, వాయిదా పడుతుంది, వీసా గడువు దగ్గరపడుతోంది. ప్రతి శుక్రవారం ఆయన్ని కలుస్తూ కూడా మూడు వారాలు నోరు మెదపలేదు. సిగ్గుగా ఉంది.

పోయే ముందురోజు, ఆ శుక్రవారం, ఆయనే అడిగారు.

"ఏమ్మా, ఏమన్నా చెప్పాలా?"

"సోమవారం మాట్లాడతా సార్."

"సరే, సోమవారం" అన్నారు.

నిన్న ఆంటీ నా డ్రాఫ్ట్ తెచ్చిచ్చారు. "మంచం పక్కనే పెట్టుకునేవారమ్మా" అన్నారు. నా గీత పక్కన పెన్సిల్‌తో రాసి ఉంది: "మరీ నున్నగా ఉంది. ఎగిరిపడ్డవి తీసేసినట్టుంది. తొందరపెట్టొద్దు. తనే వచ్చి చెబుతుంది." కింద వరసగా మూడు శుక్రవారాల తేదీలు. ఒక్కొక్కటీ కొట్టేసి ఉంది. వాటి కింద ఇంకో తేదీ, సోమవారానిది. అది కొట్టేసి లేదు.