నా జోకుతో పోయిన మడుగు

ఏథెన్స్, స్పార్టా అనే ఊళ్లు ఎక్కడున్నాయో నాకు తెలియదు. ఆరో తరగతిలోనే బడి నన్ను వదిలించుకుంది. ఆ రెండు ఊళ్లూ కలిసి నా మడుగు లాక్కున్నాయని మాత్రం తెలుసు.

అంకిస దగ్గర గోదావరిలో వల వేసే చోట్లను మేము ఏటా చీట్లు తీసి పంచుకుంటాం. బండల కింది లోతు మడుగు దక్కితే ఆ ఏడాది ఇల్లు గడిచినట్టే. రెండేళ్లు వరసగా అది నాకే వచ్చింది. మూడో ఏడు రేవులో సభ కూడినప్పుడు నా బామ్మర్ది చీట్ల మీద లేచాడు. మా ఇద్దరికీ అప్పటికే మాటల్లేవు, తిట్లే.

"చీటి గుడ్డిది. వల ఎయ్యరానోనికి గూడ మడుగిస్తది," అన్నాడు.

"నీకెన్నడు ఇయ్యలే గద. దాని కండ్లు మంచిగనే ఉన్నయి," అన్నాను.

అహేరిలో పాఠాలు చెప్పి రిటైరైన సారు నవ్వి, పాతకాలపు గ్రీకుల సంగతి ఎత్తాడు. ఏథెన్స్‌లో చాలా పదవులు చీట్లతోనే పంచేవారట. స్పార్టాలో పెద్దలను కేకలతో ఎన్నుకునేవారట. ఒక్కొక్కడు జనం ముందుకు వస్తాడు, మూసిన గదిలో కూర్చున్నవాళ్లు మనిషిని చూడకుండానే, జనం ఎన్నోవాడికి గట్టిగా అరిచారో విని చెబుతారు.

"రెండిట్ల ఏది మంచిది సారూ?" అని అడిగాను.

"రెండు జాగలల్ల ఆడోళ్లకు, బానిసలకు నోరు లేదు తమ్మీ. ఇగ మంచేంది?"

"మన సభ లెక్కనే ఉన్నది," అంది వెనక నుంచి నా భార్య.

చీట్లే చాలని ఊరుకుంటే పోయేది. నా మాటలకు నవ్వేవాళ్లంతా నా మనుషులే అనుకున్నాను.

"కేకలే పెట్టుండ్రి," అన్నాను.

కులపెద్దను వలల గుడిసెలో కూర్చోబెట్టి తలుపు మూశారు. మొదట నేను నిలబడ్డాను. కేక బాగానే లేచింది. తరువాత బామ్మర్ది ఛాతీ విరుచుకుని వచ్చాడు. వాడి కోసం ఎవరూ గొంతు విప్పకముందే నా నాలుక ఆగలేదు.

"జర చూడుండ్రి, పిల్లను చూడొచ్చిన దున్నపోతు లెక్క నిలవడ్డడు!"

రేవంతా ఘొల్లుమంది. ఈలలు, చప్పట్లు. తలుపు తెరుచుకుంది.

"రెండోది పెద్దగున్నది," అన్నాడు పెద్ద.

"అది కేక గాదు పెద్దబాపు, నవ్వు!"

"నాకెట్ల ఎరుక? తలుపు మూసింది మీరే గద."

అప్పుడు బామ్మర్ది చాలా రోజుల తరువాత తిట్టు లేకుండా నన్ను పిలిచాడు. "బావా, వచ్చే యేడు గూడ గిట్లనే మాట్లాడు."

ఇప్పుడు మోకాలి లోతు నీళ్లలో, ఇసుక మేట పక్కన వల విసురుతున్నాను. మడుగు వైపు నుంచి వాడు ఎవరికో కథ చెబుతుంటాడు, ఇద్దరూ పగలబడి నవ్వుతారు. ఆ జోకు నాదే.