తీయకుండా వదిలేసిన అతుకు

చిక్కడపల్లిలోని ఒక వాద్యాల షాపులో రిపేరు విభాగానికి హెడ్‌గా అది నా చివరి ఏడాది. ఆషాఢం మొదటి వారంలో యాదగిరి గారు ఒక పాత గిటార్‌ను దుప్పట్లో చుట్టుకుని వచ్చారు. ఆయనది అశోక్‌నగర్, ఒకప్పుడు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో వాయించేవారు. నారాయణగూడ ఫ్లైఓవర్ దిగుతుంటే గిటార్ స్కూటర్ మీంచి జారిపడిందట. పై చెక్క పగిలింది, తీగలను పట్టి ఉంచే బ్రిడ్జి లేచిపోయింది. శ్రావణంలో మనవరాలి పెళ్లి. అందులో తనే వాయిస్తానని ఆ పిల్లకు మాటిచ్చారు.

మా దగ్గర ఏ పనికైనా ముందు జాబ్ కార్డు రాయాలి. ఏది బాగుచేయాలో ఒక గడి, ఏది ముట్టకూడదో ఇంకో గడి. మొదటి గడి ఎవరైనా నింపుతారు. రెండోది నింపడానికే హెడ్‌కు జీతం.

"పై చెక్క మారుస్తరా ఏంది?" అని యాదగిరి గారు పరేషానయ్యారు. "అది మారితే సౌండ్ మారుతది. పోరి పుట్టినప్పటి సంది ఇన్నది ఈ సౌండే."

పళ్ల డాక్టర్లు వాడే చిన్న అద్దం గిటార్ లోపలికి పెట్టి, బల్బు వేసి చూశాను. కొత్త పగులు పక్కనే పాత పగులు ఒకటుంది. దానికి అడ్డంగా చెక్క ముక్కలు అతికించాల్సింది పోయి, ఎవరో దళసరి కాగితం అతికించారు. నాకు ఒళ్లు మండింది. "ఏ గాడిద చేసిండో గానీ, ఇది రిపేరు కాదు, పాపం" అని ఆయన ముందే తిట్టి, పాత అతుకు పీకి పై చెక్క మార్చాలని మొదటి గడిలో రాసేశాను.

రాశాక అద్దం ఇంకోసారి పెట్టాను. కాగితం మూలన పసుపు మరక. అద్దంలో తిరగబడ్డ అక్షరాలను కూడబలుక్కుని చదివితే అదొక పెళ్లి పత్రిక, వరుడి పేరు నాదే. నేను ఆ షాపులో చేరిన కొత్తలో, నా పెళ్లి పత్రికలు పంచుకుంటూనే పని చేసిన రోజులవి. చెక్క ముక్కలు దొరక్క చేతికందిన పత్రికను వాడేసి ఉంటాను. ఈ గిటార్ అప్పుడు ఎవరిదో! యాదగిరి గారు తర్వాత సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు.

అంతటితో అయిపోలేదు. పత్రిక పైన నా చేతిరాతతో "శ్రీ సత్తయ్య గారికి" అని ఉంది. దోమలగూడ సత్తయ్య గారు మా ఆవిడ మేనమామ. పత్రిక ఇవ్వలేదని మా పెళ్లికి రాలేదు. ఆ తర్వాత ఏ శుభకార్యంలో కనబడినా ఆ మాటే ఎత్తేవారు. మీ చేతికే ఇచ్చానని నేను ప్రతిసారీ ఒట్టు పెట్టేవాణ్ణి.

ఇప్పుడు ఆ అతుకు పీకేయడానికి పరువు ఒక కారణం, సాక్ష్యం రెండో కారణం. కానీ అతుకు వదులైతే వేలి కణుపుతో కొట్టినప్పుడు గరగరమంటుంది. కొట్టి చూశాను. శుభ్రంగా మోగింది. ముప్పై ఏళ్లు దాటినా గట్టిగా ఉంది. పీకితే చెక్క పొరలు లేచొస్తాయి, అప్పుడు పై చెక్క మార్చక తప్పదు, ముసలాయన భయపడ్డ సౌండూ పోతుంది. నాకు సిగ్గేసింది. రాసింది కొట్టేసి, రెండో గడిలో "పాత అతుకు ముట్టకూడదు" అని రాశాను.

"మరి ఆ గాడిద పని మంచిదేనా అన్న?" అన్నారు యాదగిరి గారు.

మంచిదేనని ఒప్పుకున్నాను. కొత్త పగులుకు మాత్రం చెక్క ముక్కలు వేసి, బ్రిడ్జి తిరిగి అతికించాను.

నన్నూ పిలిచిన ఆ పెళ్లిలో ఆయన వాయిస్తుంటే మనవరాలు తల తిప్పకుండా విన్నది. పెళ్లివారికి తెలిసినవారే కాబట్టి సత్తయ్య గారూ వచ్చి, నా పక్కనే కూర్చున్నారు. "సౌండ్ మస్తున్నది. వీళ్లు మంచోళ్లు, పత్రిక ఇంటికొచ్చి ఇచ్చిండ్రు. మీ లెక్క కాదు" అన్నారు. ఆయన పత్రిక ఆయనకు పదడుగుల దూరంలో, ఆ గిటార్ లోపలే ఉంది. ఈసారి నేను ఒట్టు పెట్టలేదు.

గట్టిగా నిలిచిన అతుకును, చేసినవాడు ఎవడైనా సరే, పీకకూడదు. ఆ చేసినవాణ్ణి తిట్టేముందు అద్దం రెండుసార్లు పెట్టి చూడాలి.