కాళ్ళబేరం కల్నల్

కల్నల్‌గారికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. కాళ్ళు. తనవి కావు, ఎదుటివాళ్ళవి. లోకంలో ఏ సేనాపతైనా సైనికుడి ముందు నిలబడి మొదట కళ్ళలోకి చూస్తాడు, తర్వాత తుపాకీ వంక చూస్తాడు. ఈయన తిన్నగా బూట్ల వంక చూసి "విప్పు" అనేవాడు. కొత్తగా చేరినవాళ్ళు ఏం విప్పాలో తెలియక హడలిపోయి బెల్టు విప్పిన సందర్భాలు కూడా ఉన్నాయి.

ఈ భాగోతమంతా ఆరేళ్ళుగా దగ్గరుండి చూసినవాడు పటాలం కాంపౌండరు. కాలి పౌడరు డబ్బా, దూది, సూది, అయొడిన్ సీసా ఉన్న పెట్టె భుజాన తగిలించుకుని కల్నల్ వెనకాల తిరగడమే అతని ఉద్యోగం.

"యుద్ధంలో ఏం చేశావు నాన్నా అని రేపు మా అమ్మాయి అడిగితే ఏం చెప్పాలిరా?" అని వంటవాడి దగ్గర వాపోయేవాడు.

"పౌడరు పూశానని చెప్పు. అబద్ధమాడితే కళ్ళు పోతాయి," అనేవాడు వంటవాడు, గరిటె ఆపకుండా.

ప్రతి ఉదయం ఇదే తంతు. కల్నల్ నేలమీద గొంతుక్కూచుని, సైనికుడి పాదం ఒళ్ళో పెట్టుకుని, వేలూ వేలూ విడదీసి, నగల కొట్లో రాయి చూసినట్టు చూసేవాడు. ఆ పైన మొదలయ్యేది బేరం.

"రెండు బొబ్బలున్నాయి. నాలుగు మైళ్ళు నడిచి లారీ ఎక్కు."

"పన్నెండు నడుస్తాను సార్."

"ఐదు."

"అందరూ నడుస్తుంటే నేనొక్కణ్ణీ లారీలోనా? పరువు పోతుంది సార్. పది."

"ఆరు. నీ మూట నేను మోస్తాను."

"అమ్మో, మీరు మొయ్యడమేంటి సార్! సరే, ఆరే కానివ్వండి."

ఒకరోజు ఆ దారిన పోతున్న లారీ డ్రైవరు ఆగి, "అక్కడేంటి, అంత గొడవగా ఉంది?" అని అడిగాడు. వంటవాడు తల కూడా ఎత్తకుండా "ఏముంది, కాళ్ళబేరం," అన్నాడు. మధ్యాహ్నం భోజనాలయ్యే సరికి ఆ పేరు పటాలమంతా పాకింది. సాయంత్రానికి పక్క పటాలానికీ చేరింది. యుద్ధరంగంలో వార్తలకి రెక్కలు రావడానికి వంటవాళ్ళని మించిన సాధనం లేదు.

ఇందులో కాంపౌండరుకి తలవంపులేమిటంటే, తక్కిన సేనాపతుల పేర్లు వింటేనే ఒళ్ళు గగుర్పొడిచేవి. ఒకాయన 'రాతిగోడ'. శత్రువు ఎంత కాల్చినా మూడు రోజులు ఉన్నచోటు నుంచి కదల్లేదట. నడుం పట్టేసి కదల్లేకపోయాడన్న సంగతి ఆయనకీ, మందు రాసిన కాంపౌండరుకీ మాత్రమే తెలుసు. ఇంకొకాయన 'పిడుగు'. ఆ పేరు ఆయనకి ఆయనే పెట్టుకున్నాడని గిట్టనివాళ్ళు అనేవారు. గిట్టేవాళ్ళు కూడా కాదనేవారు కాదు. అలాంటి సింహాల మధ్య, పోయి పోయి కాళ్ళబేరం! ఎక్కడైనా కాళ్ళబేరానికి వచ్చేది ఓడిపోయినవాడు కదా!

కాంపౌండరుకి అర్థంకానిది ఇంకోటి ఉంది. కల్నల్ చూసి పంపాక, నలభయ్యేళ్ళ మొనగాళ్ళు కొందరు కళ్ళు తుడుచుకుంటూ లేచేవారు. ఏమైందంటే "పౌడరు పడింది" అనేవారు. పాదానికి పూసిన పౌడరు కంట్లోకి ఎలా ఎగురుతుందో తెలియక, అతను ఆ పౌడరు తయారుచేసినవాళ్ళని తిట్టుకునేవాడు.

ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్ద జనరల్‌ని కూడా కల్నల్ వదల్లేదు. వందనం చేసిన చేత్తోనే కుర్చీ చూపించి, "కుడికాలు ఈడుస్తున్నారు సార్, విప్పండి," అన్నాడు. జనరల్ ముఖం కందగడ్డయింది. అయినా విప్పాడు. పదిహేనేళ్ళ నాటి ఆనెకాయ. కల్నల్ పావుగంటలో దాని పని పట్టాడు. వెళ్ళేటప్పుడు జనరల్ చెంగుచెంగున జీపెక్కడం పటాలమంతా కళ్ళారా చూసింది.

అలా నవ్వులాటగా సాగుతున్న రోజుల్లోనే కాంపౌండరు నెత్తిన బండ పడింది. ఏటి అవతల పెంకుల ఫ్యాక్టరీలో ఇరవై రెండుమంది చిక్కుకుపోయారు. వాళ్ళలో అతని తమ్ముడొకడు. తిండి అయిపోయి రెండు రోజులైంది. వాళ్ళకీ, వీళ్ళకీ మధ్య ఒకటే వంతెన. దానిమీద శత్రువులు ఎనభైమంది తిష్ఠ వేసుకుని కూచున్నారు.

జనరల్ గుడారంలో పిడుగు బల్ల గుద్దాడు. "ఎదురెళ్ళి కొట్టేద్దాం సార్. మహా అయితే వందమంది పోతారు."

"ఆ వందమంది ఎవరెవరో పేర్లు చెప్పండి," అన్నాడు కల్నల్ నెమ్మదిగా.

పిడుగు తడబడ్డాడు. "అయితే మీరేం చేస్తారు? కాళ్ళబేరానికి వెళ్తారా?"

గుడారమంతా ఘొల్లుమంది. పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ కాంపౌండరుకి భూమిలోకి దిగిపోవాలనిపించింది.

"నడిచి వెళ్తాం. చిత్తడి చుట్టూ తిరిగి, ఎగువన ఏరు దాటి, వంతెన వెనక్కి. ఇరవై నాలుగు మైళ్ళు," అన్నాడు కల్నల్.

"ఆ బురదలో గేదెలే నడవ్వు!" అన్నాడు పిడుగు.

"గేదెలకి సాక్సులుండవు కదా."

జనరల్ తన కుడికాలు వంక ఒకసారి చూసుకున్నాడు. "రేపు సాయంత్రం ఆరింటి వరకూ మీది. ఆపైన పిడుగుది," అన్నాడు.

తెల్లవారగానే పటాలం కదలబోతుండగా, వైర్‌లెస్ ఆపరేటరు జాలిపడి కాంపౌండరు చేతిలో మైకు పెట్టాడు. "ఫ్యాక్టరీ వాళ్ళ బ్యాటరీ అయిపోవస్తోంది. మీ తమ్ముడితో ఒక్క ముక్క మాట్లాడు. ఎక్కడికి, ఏమిటి అని మాత్రం నోరు జారకు."

తమ్ముడి గొంతు నూతిలోంచి వచ్చినట్టు వినబడింది. "అన్నయ్యా, బాగున్నావా?" ఆకలితో మాడుతున్నవాడు తనని బాగున్నావా అని అడిగేసరికి కాంపౌండరుకి దుఃఖం ఆగలేదు. "భయపడకురా! సాయంత్రానికల్లా కాళ్ళబేరం వచ్చేస్తాడు!" అని అరిచాడు. ఆపరేటరు మైకు లాక్కునేలోపే మాట దాటిపోయింది. ఏటికి రెండు పక్కలా మాట్లాడేది ఒకటే భాష. వంతెన మీద వాళ్ళకీ వైర్‌లెస్ ఉంది, చెవులూ ఉన్నాయి.

పదమూడు మైళ్ళు అతను ఆ పాపం మోసుకుంటూ నడిచాడు. మోకాలి లోతు బురద. నాలుగువందల మందిలో ఒక్కడంటే ఒక్కడు కూలబడలేదు. గట్టునేల తగలగానే కల్నల్ ఆగి అందరి పాదాలూ తుడిపించాడు. చివరికి అతని వైపు తిరిగాడు.

"విప్పు."

"నేనా సార్? నేను కాంపౌండర్ని!"

"నువ్వు చేతులమీద నడుస్తున్నావా ఏంటి?"

ఆరేళ్ళలో మొదటిసారి కాంపౌండరు ఓ రాయిమీద కూచుని పాదం చాపాడు. కల్నల్ తల వంచాడు. ఇద్దరి తలలూ జానెడు దూరంలో ఉన్నాయి. "ఏమైంది?" అన్నాడాయన, బొబ్బమీద నుంచి చూపు తిప్పకుండా, పక్కవాడికి కూడా వినబడనంత మెల్లగా. "పొద్దుట్నుంచీ చూస్తున్నాను. ఏడవాలనుంటే ఇప్పుడే ఏడువు. అందరూ బొబ్బ మండిందనుకుంటారు."

కాంపౌండరుకి ఒక్కసారిగా తెరలన్నీ తొలిగిపోయాయి. కొడుక్కి జ్వరమని ఉత్తరం వచ్చినవాడు, గురి తప్పుతానేమోనని వణికేవాడు, అమ్మ పోయిందని ఎవరికీ చెప్పుకోలేనివాడు, అందరూ ఈ రెండు నిమిషాలు ఈయన తలకి దగ్గరగా వంగి చెప్పుకున్నారన్నమాట. ఇన్నాళ్ళూ తను ఆ పక్కనే నిలబడి పౌడరుని తిట్టుకున్నాడు.

"నోరు జారాను సార్. వైర్‌లెస్‌లో మీ పేరు... అంటే, మీ పేరు కాదు, మనవాళ్ళు మిమ్మల్ని..."

"కాళ్ళబేరం. తెలుసులే. మీ వంటవాడి గొంతు మైలు దూరం వినబడుతుంది. పేరు బాగానే ఉంది. కాకపోతే బేరంలో ప్రతిసారీ నేనే ఓడిపోతున్నాను, అదీ బాధ."

"సాయంత్రానికి వస్తారని చెప్పేశాను సార్. వాళ్ళు విని ఉంటారు. నా మూలాన అందరూ..."

కల్నల్ పౌడరు పూసి, సాక్సు తొడిగి, మడమ దగ్గర ముడత సరిచేశాడు. "వెనక్కి పోదామా?"

"వద్దు సార్! మా తమ్ముడు..."

"మరైతే బూటు తొడుక్కో." ఆయన ఆ సంగతి ఇంకెవరికీ చెప్పలేదు.

అయిదింటికి వంతెన వెనకవైపు గుబురులోంచి కల్నల్ దుర్భిణీ ఎత్తి చూశాడు. చూసినవాడు దించలేదు. కాంపౌండరు పక్కకి పాక్కుంటూ వచ్చాడు. "కాచుకుని కూచున్నారా సార్?"

"కాచుకునే ఉన్నారు. కుర్చీలేసుకుని."

వంతెనకి అవతలి కొసన బల్ల వేసి, దానిమీద దుప్పటి పరిచారు. కాగితాలు, కలం, సిరాబుడ్డి పెట్టారు. తుపాకులన్నీ ఓ మూల ముచ్చటగా పేర్చారు. ఎనభైమందీ తలలు దువ్వుకుని, ఇటు వీపు పెట్టి, ఎదురుగా ఉన్న రోడ్డు వంక చూస్తూ బారులు తీరారు. సగం మాట గాలిలో కొట్టుకుపోగా, మిగిలింది వాళ్ళకి ఒకే రకంగా అర్థమైంది. సాయంత్రానికి వీళ్ళు కాళ్ళబేరానికి వచ్చేస్తారు!

నాలుగువందల మంది చప్పుడు చెయ్యకుండా నడిచివచ్చి వెనక నిలబడ్డారు. పేర్చిన తుపాకుల పక్కన నిలబడి కల్నల్ గొంతు సవరించుకున్నాడు. శత్రు కెప్టెన్ వెనక్కి తిరిగి, మర్యాదగా చిరునవ్వు నవ్వాడు.

"రండి, రండి. మీకోసమే చూస్తున్నాం. అటునుంచి వస్తారనుకున్నాం."

"బురదదారిన వచ్చాం. ఎవరూ తుపాకీ ముట్టుకోకండి."

"మీవా, మావా?" అని అడిగాడు కెప్టెన్. అడిగాక గాని ఆయనకి పరిస్థితి బోధపడలేదు. తుపాకుల వైపు చూశాడు. నాలుగువందల మంది వైపు చూశాడు. మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు. ఒక్క తూటా పేలలేదు. ఆరింటికి పిడుగు పేల్చాల్సిన ఫిరంగి కూడా పేలలేదు. ఆ అన్యాయానికి పిడుగు వారంరోజులు అన్నం సయించక బాధపడ్డాడని చెప్పుకున్నారు.

పెంకుల ఫ్యాక్టరీ తలుపు తెరుచుకుంది. ఇరవై రెండుమందీ బతికే ఉన్నారు. తమ్ముడు గోడ పట్టుకుని వచ్చాడు. కాంపౌండరు పరిగెత్తుకెళ్ళాడు. వాణ్ణి పెంకుల గుట్టమీద కూచోబెట్టి బూట్లు విప్పడం మొదలుపెట్టాడు.

"అన్నయ్యా, పెద్దవాడివి, నువ్వు నా కాళ్ళు పట్టుకోవడమేంటి!"

"నోర్మూసుకుని చాపు," అన్నాడు కాంపౌండరు, నవ్వుతూనో ఏడుస్తూనో.

అటుపక్క ఎనభైమంది ఖైదీలూ నేలమీద వరసగా కూచున్నారు. వాళ్ళని తీసుకెళ్ళాల్సిన శిబిరం పద్నాలుగు మైళ్ళు. కల్నల్ వరస మొదట్లో గొంతుక్కూచుని, కెప్టెన్ మడమ ఒళ్ళోకి తీసుకున్నాడు. కెప్టెన్ ఉలిక్కిపడి కాలు వెనక్కి లాక్కోబోయాడు. "ఓడిపోయింది మేమండీ! మా కాళ్ళు మీరు పట్టుకుంటారేంటి?"

"నడవాల్సింది మీరు కాబట్టి. మూడు బొబ్బలున్నాయి. రెండు మైళ్ళు నడిచి లారీ ఎక్కండి."

కెప్టెన్ కాలు లాక్కోవడం మానేశాడు. తర్వాత తల బాగా కిందికి వంచి మెల్లగా ఏదో చెప్పాడు. కల్నల్ తలాడిస్తూ విన్నాడు. ఏం చెప్పాడో ఎవరికీ వినబడలేదు. కాసేపటికి కెప్టెన్ తలెత్తి, మనవాళ్ళు నాలుగువందల మందీ, వాళ్ళవాళ్ళు ఎనభైమందీ వింటుండగా గొంతు పెంచాడు.

"నా వాళ్ళంతా నడుస్తుంటే నేను లారీ ఎక్కను. పద్నాలుగు!"

"నాలుగు," అన్నాడు కాళ్ళబేరం, పౌడరు డబ్బా మూత తీస్తూ.