బాబాయి ఆపేసిన కొల్లేటి సీరియల్

మొన్న ఏలూరులో మా మనవరాలు ఫోనులో దయ్యాల సినిమా చూస్తూ, ఆ కథ రాసినాయన అమెరికాలో పెద్ద పేరున్న రచయిత అనీ, బడిపంతులుగా ఉన్న రోజుల్లో పనికిరాదని చెత్తబుట్టలో పడేసిన కాగితాలను భార్య ఏరి ఇస్తే దాన్నే నవలగా పూర్తి చేశారనీ, ఈ వయసులోనూ ఇంకా రాస్తూనే ఉన్నారనీ చెప్పింది. విని ఊరుకోవచ్చుగా! మనింట్లోనూ ఒకాయన ఉండేవాడే అన్నాను. ఎవరు నానమ్మా అని అడిగేసరికి ఇదంతా చెప్పాల్సొచ్చింది.

మా బాబాయి భీమడోలు స్కూల్లో లెక్కల మాస్టారు. నా హైస్కూలు చదువంతా వాళ్ళింట్లోనే. పగలంతా పిల్లల్ని బెత్తంతో భయపెట్టింది చాలక సాయంత్రాలు కాగితాలతో కూడానా అని పిన్ని దెప్పుతున్నా నవ్వుతూ రాసుకునేవాడు. ఆ రోజుల్లో వారపత్రిక ప్యాసింజరు బండిలో వచ్చేది, బాబాయి సీరియల్ కోసం జనం స్టేషన్లోనే కాచుకుని కూర్చునేవారని మీబోటి పాత పాఠకులకి చెప్పక్కర్లేదు, మీలో కొందరు అక్కడే కూర్చుని ఉంటారు కూడా. కొల్లేట్లో మునిగిపోయినవాళ్ళు అమావాస్యకి తడిబట్టలతో రేవుకి వచ్చి, చలికి వణుకుతూ తమవాళ్ళని పిలుస్తారన్నది కథ. నిజంలా ఉండాలని లంక ఊళ్ళ పేర్లూ, రేవుల పేర్లూ ఉన్నవున్నట్టు రాశాడు, అదే ఆయన చేసిన పొరపాటు. ఆ ఊళ్ళల్లో చదువొచ్చిన ఒక్కరు అరుగు మీద కూర్చుని పైకి చదివితే ఊరంతా వినేది, అచ్చులో పడ్డ మాటంటే వాళ్ళకి జరిగిన మాటే.

ఒక ఆదివారం పొద్దున్నే లంక ఊరినుంచి ఒకావిడ దోనె మీదా, బస్సు మీదా మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. చేపలవేటకి వెళ్ళిన కొడుకు గాలివానకి మునిగిపోయాడట, శవం కూడా దొరకలేదట. చేతిలో గుడ్డసంచి, అందులో ఉతికి మడతపెట్టిన లుంగీ, చొక్కా. మావాడు ఏ రేవుకి వస్తాడో వచ్చేవారం రాయమని బాబాయిని బతిమాలింది. బాబాయి ఆవిడని కూర్చోబెట్టాడు. అదంతా తను కల్పించి రాసిందేననీ, ఎవరూ రారనీ మెల్లగా చెప్పాడు.

"కల్పిస్తే, ఆళ్ళకి చలేస్తుందని మీకెలా తెలిసిందండీ?" అంది ఆవిడ.

ఆవిడ సంచి అక్కడే పెట్టి, కనబడితే ఇవ్వండి బాబూ అని చెప్పి వెళ్ళిపోయింది. పిన్ని అన్నం ముందు కూర్చుని ఏడ్చింది.

ఆ వారమే బాబాయి చివరి భాగం రాశాడు. మునిగినవాళ్ళంతా గట్టెక్కి, తల్లులిచ్చిన బట్టలు కట్టుకుని, ఆకలీ చలీ లేని చోటికి వెళ్ళిపోతారు. పత్రికవాళ్ళు వేసుకోలేదు. పాఠకులకి భయం కావాలి గానీ ఓదార్పు ఎందుకండీ, ఇంకొన్నాళ్ళు సాగదీయండి అని రాశారు. బాబాయి సాగదీయలేదు. ఆ కాగితాలు పట్టుకుని తనే లంకకి వెళ్ళి ఆవిడ గుమ్మంలో కూర్చుని చదివి వినిపించి, వాటిని ఆవిడకే ఇచ్చేసి వచ్చాడు. ఏమందని పిన్ని అడిగితే, అయితే ఇంక వణకడన్నమాట అని ఒక్క మాట అందని చెప్పాడు. మళ్ళీ కలం పట్టలేదు. రిటైరయ్యేదాకా లెక్కలే చెప్పాడు, కథల ఊసెత్తితే లేచి వెళ్ళిపోయేవాడు.

బాబాయి పోయి చాలా ఏళ్ళయింది. పేరు చెబితే గుర్తుపట్టేవాళ్ళు తక్కువ. అంత చేయి తిరిగినవాడు అలా ఆపేశాడేమిటని నాకు ఇప్పటికీ కోపమే. ఆ రేవులు పోయి చేపల చెరువుల గట్లు వచ్చాయి. భయపడటానికి డబ్బిచ్చి మరీ చూసేవాళ్ళు ఇప్పుడు ఎందరో ఉన్నారు, కథ రాసినవాడి గుమ్మానికి వచ్చి బిడ్డ క్షేమం అడిగేవాళ్ళు మాత్రం లేరు. లేకపోవడమే మంచిదేమో. రాసేవాడికి అంతకు మించిన గౌరవం లేదు, అంతకు మించిన శిక్షా లేదు. పాపం బాబాయి, రెండూ ఒక్కరోజే అందుకున్నాడు.