బావ బండి మీద నీలి గీత

మీరు పళ్ళక్కని ఒక్కసారి కలవాలండీ. కలిసి తీరాలి. ఆవిడకి అసలు పేరు వేరే ఉంది కానీ, ఆదివారం పొద్దున్నే సైకిళ్ళేసుకుని కొండకి వెళ్ళే మా గుంపులో ఎవరూ ఆ పేరుతో పిలవరు. పళ్ళ డాక్టరు దగ్గర కట్టుడు పళ్ళు, తొడుగులు తయారుచేసే టెక్నీషియన్. క్లినిక్ వెనక ఒకే కిటికీ ఉన్న ఇరుకు గది. బల్ల నిండా తెల్లటి పొడి, గోడ అరల్లో ఎవరెవరివో దవడల అచ్చులు. సైకిల్ మీంచి పడి ముందు పన్ను సగం విరగ్గొట్టుకున్నప్పుడు మొదటిసారి ఆ గదిలోకి వెళ్ళాను. అప్పటిదాకా అందరూ "నొప్పిగా ఉందా?" అని అడిగినవాళ్ళే. ఆవిడ మాత్రం, "ముందు బ్రేకు పట్టారా, వెనక బ్రేకు పట్టారా?" అని అడిగింది.

ఆ రోజు నుంచి నేను ఆవిడ గుంపు.

ముందు ఆవిడ బండి గురించి చెప్పాలి. ముందు చక్రానికి మాత్రమే షాకులుండి వెనక ఏమీ లేని మౌంటెన్ బైకుని హార్డ్‌టెయిల్ అంటారు. గుంతలో పడితే చేతుల మీద కాస్త జాలి చూపిస్తుంది, నడుము దగ్గరికొచ్చేసరికి ఏ మొహమాటమూ ఉండదు. ఆవిడకది దొరికింది వాళ్ళ అపార్ట్‌మెంట్ సెల్లార్లో, నీళ్ళ మోటారు వెనక. ఇల్లు ఖాళీ చేసినవాళ్ళు వదిలేసి పోయారు. పాతసామాన్లవాడికి వేసేద్దామని వాచ్‌మన్ అనుకుంటుంటే, తూకానికి వాడిచ్చేది తనే ఇచ్చి మెట్లెక్కించింది. పై అంతస్తులోనే ఉండే వాళ్ళక్క మధ్యలో ఎదురైందట.

"ఇదేంటే, తుప్పుకి చక్రాలు పెట్టి తెచ్చావు?"

"చక్రాలు తిరుగుతున్నాయి కదక్కా. మిగతాది చూద్దాం."

ఆవిడ చూద్దాం అందంటే నిజంగానే చూస్తుంది. టైర్లు, ట్యూబులు, బ్రేకు రబ్బర్లు కొనక తప్పలేదు, కొంది. మిగతాదంతా విప్పింది. బిగుసుకుపోయిన షాకుల లోపల అట్టకట్టిన గ్రీజుని గోకేసి కొత్తది పూస్తే, అవి మళ్ళీ ఊపిరి పీలుస్తున్నట్టు పైకీ కిందికీ ఆడాయి.

చైను దగ్గర మాత్రం పప్పులో కాలేసింది. అరిగిపోయిందని పాతది తీసి కొత్తది వేసింది. చదును రోడ్డు మీద బాగానే పోయింది కానీ, ఎత్తు ఎక్కుతూ పెడల్ మీద బలం పెట్టగానే టక్కుమని జారడం మొదలు! మోకాళ్ళు రెండూ వాచాయి. వెనక పళ్ళచక్రాలు మొత్తం మార్చాలన్నాడు షాపువాడు. మనమైతే తిట్టుకుంటూ మార్పిస్తాం. ఆవిడకి అసలెందుకు జారుతోందో తెలియాలి. క్లినిక్‌లో ఒక నీలం కాగితం ఉంటుంది, నోట్లో పెట్టి కొరకమంటారు చూడండి, పై పన్ను కింది పన్ను తగిలిన చోట మచ్చ పడుతుంది. బండిని గదిలోకి తెచ్చేసి, ఆ కాగితం ముక్కలు చైను కిందికి దూర్చి, వెనక బ్రేకు పట్టుకుని పెడల్ మీద బరువు వేసింది. మచ్చలు ఒకటి రెండు పళ్ళ మీదే పడ్డాయి. మిగతా పళ్ళకి చైను సరిగ్గా ఆనడమే లేదు.

సరిగ్గా అప్పుడే డాక్టరుగారు తొంగి చూశారట.

"ఎవరమ్మా పేషెంటు?"

"ఇరవై నాలుగు పళ్ళాయనండీ. పళ్ళు పాతవి, దవడ కొత్తది. కాటు కుదరట్లేదు."

పాత చైనే మళ్ళీ వేసేసింది. రెండూ కలిసి అరిగాయి, మార్చే రోజు వచ్చినప్పుడు రెండూ కలిపే మారుద్దాం అనుకుంది. ఏడాదిగా ఆ చైనుతోనే కొండెక్కుతోంది. ఒక్కసారి జారితే ఒట్టు.

ఇక బావ. అంటే వాళ్ళక్క భర్త. డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతాడు. వారమంతా పక్క సీట్లో కూర్చుని "బ్రేకండీ, బ్రేకు!" అని గొంతు చించుకునే ఈ మనిషికి, ఆదివారం కొండ దిగేటప్పుడు మాత్రం బ్రేకన్న మాటే గుర్తుండదు. మరదలి బండి చూసి మనసు లాగి, తనూ ఒక పాత హార్డ్‌టెయిల్ చవగ్గా కొన్నాడు. పాతదంటే ఎవరూ నమ్మరు, అంత నిగనిగలాడే ఎరుపు.

"చూశావా మరదలా, బండంటే ఇదీ! నీది తవ్వకాల్లో బయటపడిందా?"

"బాగుంది బావా. పాత బండికి కొత్త రంగెందుకు వేసుంటారు?"

"అందానికి!"

"ఊఁ," అంది పళ్ళక్క.

శనివారం సాయంత్రం బ్రేకులు చూసిపెట్టమని బావే బండిని కింద ఆవిడ ఇంటికి దింపాడు. తడిగుడ్డతో మట్టి తుడుస్తుంటే హ్యాండిల్ కింద, రెండు లావు గొట్టాలు కలిసే అతుకు దగ్గర, వెంట్రుకంత నల్లగీత కనిపించింది. తుడిస్తే పోయింది. బండి ఆరాక చూస్తే, అక్కడే మళ్ళీ ఉంది. దుమ్ము ఒకే చోట అంత సన్నగా ఎందుకు పడుతుంది? అతుకు మీద నీలం సిరా పూసి, కాసేపు ఆగి శుభ్రంగా తుడిచేసి, పైన క్లినిక్ నుంచి తెచ్చిన, అచ్చులు పోసే తెల్లపొడి పల్చగా చల్లింది. పగులేదైనా ఉంటే లోపల దాక్కున్న సిరాని ఆ పొడి బయటికి పీల్చేస్తుంది. రెండు నిమిషాల్లో, తెలుపు మీద గోరంత నీలి గీత తేలింది.

"రంగు పగిలింది మరదలా, రంగు!" అన్నాడు బావ.

"అయ్యుండొచ్చు. అక్కడ కాస్త గోకితే తెలిసిపోతుంది."

"గోకుతావా? కొత్త రంగు గోకుతావా? ముందు చెయ్యి తియ్యి!"

"నాకు జొరమొచ్చినా ఇంత కంగారు పడలేదీ మనిషి," అంది అక్క.

"నవ్వులాట కాదక్కా. రేపు దిగేటప్పుడు ఆ అతుకు ఊడితే, హ్యాండిల్ బావ చేతిలోనే ఉంటుంది, బండి మాత్రం ఉండదు. మొహం పగులుతుంది, మెడ కూడా విరగొచ్చు."

"మొహం పగిలితే పళ్ళు నువ్వు కట్టవూ?" అని నవ్వేసి బండి ఎత్తుకుపోబోయాడు. పోనిచ్చే ముందు ఆవిడ ఒక్కటే అడిగింది: గీత రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో గుర్తు పెట్టనీమని. దానికి మాత్రం ఒప్పుకున్నాడు.

మర్నాడు తొమ్మిది మందిమి బయల్దేరాం. రాళ్ళ క్వారీ పక్క మట్టిదారి, పైన నీళ్ళ ట్యాంకు. ట్యాంకు నీడలో అందరూ కూలబడితే, ఆవిడ ఫోన్ లైటు వేసుకుని బావ బండి ముందు గొంతుక్కూర్చుంది. గీత పెన్సిల్ గుర్తు దాటింది. ఎంత? నువ్వుగింజంత.

"బావా, ఒక్కసారిటు రా."

బావ కదల్లేదు. "పెన్సిల్ చెరిగి ఉంటుందిలే!" అని, మా వైపు తిరిగి గొంతు పెంచాడు. "మా మరదలు నోళ్ళల్లో పుచ్చులు వెతికీ వెతికీ, ఇప్పుడు కొండ మీద కూడా పుచ్చులే చూస్తోంది!"

అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

బావ సీసా ఎత్తి నీళ్ళు తాగుతుంటే, ఆవిడ అతని బండి ముందు చక్రం మధ్యలో ఉండే చిన్న లివర్ వదులు చేసి, చక్రాన్ని పట్టి ఉంచే సన్నటి కడ్డీని సర్రున లాగేసింది. దాని నట్టూ, బుల్లి స్ప్రింగులూ ఏరి జేబులో వేసుకుంది. తన తుప్పు బండెక్కి దిగిపోయింది. నేను చూశాను. నోరు తెరవలేదు.

పావుగంటకి బావ కేకలు కొండంతా వినపడ్డాయి. ఫోన్ చేస్తే, "నా జేబులో ఉంది బావా. కింద టీ కొట్టు దగ్గరిస్తా. నడిచి రా," అని పెట్టేసింది.

గంటన్నర. బండి భుజాన, చక్రం చేతిలో. కింది మలుపులో, ఆయన దగ్గర నేర్చుకుంటున్న ఒకావిడ కారు ఆపి, "ఏమైంది సార్, బ్రేకు పడలేదా?" అని ఎంతో మర్యాదగా అడిగింది. అప్పుడాయన మొహం రంగు బండి రంగుని మించిపోయింది.

టీ కొట్టు దగ్గర కడ్డీ లాక్కున్నాడు. ఇంటికెళ్ళి, మరదలి మాట తప్పని అందరికీ చూపించేద్దామని, వంటింటి చాకు తెచ్చి మెట్ల మీదే తన చేత్తో తనే రంగు గోకాడు. రంగు కింద లప్పం ఉంది. లప్పం రాలగొడితే పగులు బయటపడింది. గొట్టం చుట్టూ సగానికి పైగా పాకిపోయి ఉంది. అమ్మినవాడెవడో పూడ్చి రంగేసి అంటగట్టాడు.

అక్క గోడకి ఆనుకుని అలాగే కూర్చుండిపోయింది. బావ చాకు పక్కన పెట్టి మరదలి వైపు తిరిగాడు.

"సరే, నువ్వన్నదే నిజం. అయితే మాత్రం నలుగురిలో నన్నలా నడిపిస్తావా? చెప్తే సరిపోయేది కదా!"

"చెప్పాను బావా. మూడుసార్లు."

"నాలుగోసారి చెప్పాల్సింది!"

నెలయింది. ఎదురుపడితే బావ ఇప్పటికీ ఫోన్ చూసుకుంటూ పోతాడు. ఏదైనా కావాలంటే అక్కతో కబురు. మొన్న వచ్చిన కబురు: "ఆ నీలం సిరా ఏ షాపులో దొరుకుతుందో మీ చెల్లెల్ని కనుక్కో." ఇంకో ఫ్రేము చూస్తున్నాడట.

నేనూ ఉండబట్టలేక అడిగేశాను, లోహమే పగిలిందని అంత గట్టిగా ఎలా తెలిసిందని. ఆవిడ ఎవరిదో పైదవడని వెలుతురుకి ఎత్తిపట్టి చూస్తూ చెప్పింది.

"గట్టిగా తెలుసని ఎవరన్నారు? సగం సగం. ఉట్టి రంగే పగిలుంటే, ఇవాళ అక్క కూడా మాట్లాడేది కాదు."

అప్పట్నుంచీ నాకిదే ఆలోచన. సగం నమ్మకం, సగం అనుమానం. మీ బావ నలుగురితో నవ్వుతూ నీళ్ళు తాగుతున్నాడు. కడ్డీ మీ చేతికందేంత దూరంలో ఉంది. మీరైతే లాగేసేవారా, నాలుగోసారి చెప్పి చూసేవారా?