వెంకాయమ్మ దావాకి అంటించిన స్టాంపులు

నేను వకీలు గుమాస్తాగా బతికినవాణ్ణి. సాక్ష్యం లేనిదే ఏదీ నమ్మకూడదని నేర్పే వృత్తి అది. ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే నవ్వి లేచిపోయేవాణ్ణి. ఇప్పుడు చెప్పేది మాత్రం పట్టపగలు, నూజివీడు కోర్టు వరండాలో, నాకే జరిగింది.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఇంకా ఏడాది తిరగలేదు. చిన్నరసం మామిళ్లు కోతకొస్తున్న రోజులు. విస్సన్నపేట వైపు నుంచి వెంకాయమ్మ అనే ఆవిడ మా వకీలుగారి దగ్గరకు వచ్చింది. అంతకుముందు వానాకాలంలో ఆవిడ భర్త రాఘవులు పోయాడు. ఆయన నాటి పెంచిన మామిడితోటను మరిది ఆక్రమించుకుని ఆవిణ్ణి బయటకు గెంటేశాడు. దావా వేయడానికి గడువు ఆ సాయంత్రంతో సరి.

కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నాయి. కోర్టు ఫీజు స్టాంపులే లేవు. రాజ్యం మారినా స్టాంపుల మీద ఇంకా ఇంగ్లీషు రాజు తలే ఉండేది. ఆ పాతవి అయిపోయాయి, కొత్తవి రాలేదు. వరండాలో స్టాంపులమ్మే వెండరు ఖాళీ పెట్టె తెరిచి చూపించాడు. బెజవాడ పంపిన మనిషి కూడా వట్టి చేతులతో తిరిగొచ్చాడు.

మధ్యాహ్నం వెంకాయమ్మ మొహం కడుక్కోవడానికి నూతి దగ్గరకు వెళ్లింది. అప్పుడు ఒకాయన వరండా ఎక్కి తిన్నగా నా దగ్గరకు వచ్చాడు. పొడుగు మనిషి. ఎడమ చెంప మీద మామిడి సొన కాల్చిన నల్లటి మచ్చ. తలగుడ్డ మడతలోంచి స్టాంపులు తీసి నా చేతిలో పెట్టాడు.

"వెంకాయమ్మ దావాకి అంటించండి. పొద్దున్నించీ ఏం తినలేదు, కాస్త ఏదన్నా తినమనండి" అన్నాడు.

"మీరెవరండీ?" అని అడిగేలోపే మెట్లు దిగి వెళ్లిపోయాడు. బంధువు కాబోలు అనుకున్నాను. గడువు తొందరలో వెనకాల వెళ్లలేదు.

ఆ స్టాంపుల మీద ఉన్నది అప్పటి రాజు కూడా కాదు, ఆయన తండ్రి. అయినా ఒక్క మరక లేదు. కోర్టు హెడ్ గుమాస్తా అటూ ఇటూ తిప్పి చూసి "చెల్లుతాయిలెండి" అన్నాడు. మళ్లీ వాడకుండా రాజు తల ఉన్నచోట చిల్లు కొట్టి దావా పుచ్చుకున్నాడు.

తర్వాత వెంకాయమ్మకు ఇడ్లీ పొట్లం ఇచ్చి సంగతంతా చెప్పాను. మచ్చ మాట వినేసరికి ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"మా ఆయనేనండీ. తమ్ముడి మీద దావా వేద్దామని ఎప్పుడో కొన్నాడు ఆ స్టాంపులు. మనసొప్పక ఊరుకున్నాడు. గాలివానకి ఇల్లు పడిపోయినప్పుడు పెట్టెతో సహా పోయినయ్యి."

పోలిన మనిషెవరో అయ్యుంటాడని ఆవిడ ఊరు వెళ్లి విచారించాను. అలాంటి మచ్చ ఇంకెవరికీ లేదు, మరిదికీ లేదు. నా పక్కనే కూర్చున్న వెండరు నా చేతిలో స్టాంపులు చూశాడు గాని, ఇచ్చిన మనిషిని చూడలేదన్నాడు. కొన్నాళ్లకు తీర్పు వెంకాయమ్మ వైపే వచ్చింది, తోట దక్కింది. ఆ వచ్చింది ఎవరో నేను ఇప్పటికీ చెప్పలేను.

ఆవిడ మాత్రం ఆ రోజు నన్ను అడిగింది ఒక్కటే. పొట్లం మడిచి ఒళ్లో పెట్టుకుని నెమ్మదిగా అంది:

"మనిషి చిక్కిపోయాడాండీ?"

"లేదమ్మా, బాగానే ఉన్నాడు" అన్నాను. నేను చూసింది అదే మరి.