అలమారలో పన్నెండు డబ్బాలు

జిబుయిలేకి పాములంటే భయం. ఆ మాట ముందే చెప్పెయ్యడం మంచిది. ఎందుకంటే ఇంబాలీ బస్తీలో, అత్తాకోడళ్ళిద్దరే ఉండే రెండు గదుల ఇంట్లో, తన బట్టల అలమారలో పన్నెండు కొండచిలువ పిల్లల్ని పెంచుతున్నది ఆవిడే. అయితే పాములకంటే మనుషులంటేనే ఆవిడకు ఎక్కువ భయం.

భర్త బెకితెంబా లారీ బోల్తా పడి పోయి మూడేళ్ళయింది. బడి వంటశాలలో వచ్చే జీతం తిండికే చాలేది కాదు. టౌనులో పెంపుడు జంతువులమ్మే కొట్టాయన, గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్లల్ని తెచ్చి ఇచ్చాడు. అవి మూడుసార్లు తిండి తినేదాకా సాకి తిరిగి ఇస్తే డబ్బిస్తాడు. ఒక విడత వెళ్తే ఇంకో విడత. రెండేళ్ళుగా అదే పని. ఆ డబ్బుతోనే ఇంటికి కొత్త రేకులు పడ్డాయి.

పని కష్టమేం కాదు, చేతులు వణక్కపోతే. భోజనం డబ్బాకి రెండింతలుండే ప్లాస్టిక్ డబ్బా ఒక్కో పిల్లకి ఒకటి. కాల్చిన మేకుతో చుట్టూ కన్నాలు. అడుగున పాత పేపరు, ఒక మూల నీళ్ళ గిన్నె, ఇంకో మూల దాక్కోవడానికి బోర్లించిన పెరుగు కప్పు. డబ్బాల వెనక భాగం కింద నుంచి మాత్రం వేడి తీగ వెళ్తుంది. అక్కడ వెచ్చన, ముందువైపు చల్లన. ఎక్కడ బాగుంటే పిల్ల అక్కడికి జరుగుతుంది. వేడి మించకుండా థర్మోస్టాట్ ఒకటి కాపలా ఉంటుంది. వాటి తిండి, అంటే చచ్చిన ఎలుక పిల్లలు, ఫ్రిజ్‌లో ఐస్‌క్రీమ్ డబ్బాలో కోడికాళ్ళ కింద ఉండేవి. అత్తకు ఐస్‌క్రీమంటే ప్రాణం. అయినా ఆ డబ్బా జోలికి ఎందుకు వెళ్ళలేదో జిబుయిలే ఏనాడూ ఆలోచించలేదు. తను బడిలో ఉండగా కరెంటు పోయిన రోజుల్లో కూడా పిల్లలు వెచ్చగానే ఎందుకుండేవో అదీ ఆలోచించలేదు. ప్లాస్టిక్ వేడిని పట్టి ఉంచుతుంది కాబోలు అనుకుంది. భయంతో బతికేవాళ్ళకు మంచి జరిగితే ఆరా తీసే తీరిక ఎక్కడిది.

డబ్బు తెచ్చే పాము ఒకటుంటుందని ఆ బస్తీలో నమ్మకం. దాన్ని దాచుకున్న ఇంటికి సిరి వస్తుందట, బదులుగా అది ఆ ఇంటి మనిషి ప్రాణం అడుగుతుందట. కిందటేడు వెనక వీధిలో మొగుడు పోయిన ఒకావిడ మీద ఇదే పుకారు లేచింది. ఇప్పుడక్కడ మసిగోడలున్నాయి, ఆవిడ లేదు. జిబుయిలే కూడా మొగుడు పోయిన మనిషే. పైగా కొత్త రేకులు వేయించుకున్న మనిషి. బస్తీ సంగతి అలా ఉంచితే, తన కొడుకును కోడలే పాముకు అప్పజెప్పిందని అత్త ఒక్క క్షణం అనుకున్నా చాలు, ఇంక బతికి లాభం లేదనిపించేది.

జూలై సెలవుల్లో ఒక గురువారం. ఆ దేశంలో అది నడి చలికాలం. కొండల మీద మంచు పడి గాలి కత్తిలా కోస్తోంది. ముందురోజు ట్రాన్స్‌ఫార్మర్ పేలి కరెంటు పోయింది. మధ్యాహ్నం అత్త ముందు గదిలో ప్రార్థన సంఘం ఆడవాళ్ళ కోసం బొగ్గు పొయ్యి రాజేస్తుంటే, జిబుయిలే పడకగదిలో తలుపేసుకుని గ్యాసు స్టవ్వు మీద నీళ్ళు కాచింది. సీసాల్లో పోసి, పాత మేజోళ్ళు తొడిగి, డబ్బాల వెనక పెట్టింది. తొందరలో చేసిన తప్పేమిటంటే, మరుగుతున్న నీళ్ళే పోసింది. గంట తర్వాత చూస్తే కింది అరలో చివరి డబ్బా మూత మెత్తబడి వంకర తిరిగి ఉంది. పెరుగు కప్పు ఎత్తి చూసింది. ఖాళీ.

మంచం కింద చూసింది, చెప్పుల్లో చూసింది, దుప్పట్లు దులిపింది. ఇంతలో ఎర్ర జాకెట్లు, తెల్ల టోపీలతో సంఘం ఆడవాళ్ళు నలుగురు వచ్చేశారు. అందరికంటే ముందు మాడూబె. పక్కింటావిడ. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు.

"ఏం మాండ్లోవు, మొహం అలా పాలిపోయిందేంటి?" అందావిడ. కోడల్ని పుట్టింటి వంశం పేరుతో పిలవడం అక్కడి మర్యాద.

"చలండీ," అంది జిబుయిలే, టీ కప్పులు చప్పుడు కాకుండా అందించడానికి తంటాలు పడుతూ.

రెండో కీర్తన మధ్యలో మాడూబె గొంతు ఆగిపోయింది. పొయ్యి పక్కన, ఆవిడ కాలికి జానెడు దూరంలో, బొటనవేలంత లావున గోధుమరంగు పిల్ల చలి కాచుకుంటోంది.

"మాసిటోలే," అంది మాడూబె అత్తతో, "నీ ఇంట్లో పాము." అంటూనే ఆవిడ చూపు పాము మీంచి లేచి జిబుయిలే మీద ఆగింది. మిగతా ముగ్గురూ అటే చూశారు. వెనక వీధిలోని మసిగోడలు జిబుయిలే కళ్ళముందు నిలిచాయి.

అత్త లేచింది. మోకాళ్ళ నొప్పులతో మెల్లగా నేల మీద కూర్చుని, రుమాలు మూటలోంచి, పెద్దలకు పెట్టే నస్యం చిటికెడు తీసి పాముకు ఎదురుగా పెట్టింది. రెండు చేతులూ మెత్తగా చరిచింది. పోయిన పెద్దలు పాము రూపంలో ఇల్లు చూసుకోవడానికి వస్తారని కూడా ఆ బస్తీలో నమ్మకమే.

"వచ్చారా, న్యాంబోసే," అంది, పోయిన భర్తను వంశం పేరుతో పిలుస్తూ. " బతికున్నప్పుడూ ఇంతే. ఆడవాళ్ళు టీ తాగుతుంటే మధ్యలో దూరేవారు."

"పెద్దాయనేనంటావా?" అంది మాడూబె, గొంతు తగ్గించి.

"ఇంకెవరు? నీ మొగుడైతే నీ ఇంటికి పోడూ?"

ఎవరో కిసుక్కున నవ్వారు. మాడూబె టోపీ సర్దుకుని తనూ చేతులు చరిచింది. పెద్దలు ఇంటికొస్తే అరవడం తప్పని ఆవిడకూ తెలుసు.

"వెళ్ళి నలుగురికీ చెప్పు, మా ఆయన వచ్చాడని," అంది అత్త.

చెప్పమనాలా ఆవిడకి. కీర్తన పూర్తికాకుండానే నలుగురూ వీధిలో ఉన్నారు.

తలుపు మూసుకోగానే జిబుయిలే అత్త పక్కన నేల మీద కూర్చుంది.

"అత్తయ్యా, అది మామయ్య కాదు..."

"ఆయనైతే పొయ్యి దగ్గరికెందుకొస్తారు, బీరు కుండ దగ్గరికి పోతారు గానీ. దాన్ని తీసుకెళ్ళి డబ్బాలో పెట్టు. కింది అరలో చివరిది కదూ, ఇందాక నువ్వు వెతుకుతుంటే వంకరపోయిన మూత చూశాను."

జిబుయిలే తలెత్తి చూసింది.

"నువ్వు బడికి పోయాక కరెంటు పోతే, రబ్బరు సంచిలో వేడినీళ్ళు పోసి అక్కడ పెట్టేది ఎవరనుకున్నావు? మరిగే నీళ్ళు పొయ్యకూడదు, చెయ్యి పెడితే ఓర్చుకునేంత చాలు."

"ఎప్పట్నించి తెలుసు మీకు?"

"కిందటేడు ఈస్టర్ నుంచి."

జిబుయిలే అడగకూడదనుకున్నది అడిగేసింది. "బెకితెంబా గురించి మీరు... అలా అనుకోలేదా?"

"అనుకున్నాను. ఒక వారం అన్నం సయించలేదు. తలుపు సందులోంచి నిన్ను చూస్తూ ఉండేదాన్ని. ఒక్కోదాన్ని తీసేటప్పుడు నీ చేతులు వణుకుతుండేవి. పామంటే అంత హడలిపోయేది దాని కోసం మొగుణ్ణి ఇస్తుందా, అనుకున్నాను."

జిబుయిలే ఏడుస్తూనే పిల్లను రెండు చేతుల్లోకి తీసుకుంది. అది బెదిరి, తల లోపల దాచుకుని ఉండలా చుట్టుకుపోయింది.

అత్త గోడకు ఆనుకుని, వీలైనంత దూరం జరిగి దారి ఇచ్చింది.

"తొందరగా తీసుకుపో, మాండ్లోవు," అంది. "నాకూ భయమే."